మొదటిసారి లండన్ వెళ్తున్నారా? టికెట్లు కొనే ముందు ఇది చదవండి

లండన్ ట్రిప్ అనుకోగానే చాలామంది చేసే మొదటి పని యూట్యూబ్‌లో "తప్పక చూడాల్సిన ముప్పై ప్రదేశాలు" లాంటి వీడియో చూసి అవన్నీ ఫోన్‌లో నోట్ చేసుకోవడం. ఆ తర్వాత, ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా అని పారిస్, స్విట్జర్లాండ్, వీలైతే ఎడిన్‌బరా కూడా కలిపి మొత్తం పది రోజుల్లో కుక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లండన్‌కే ఓ ఆరు రోజులు కేటాయించండి. మ్యాప్ ముందేసుకుని ఊరిని ముక్కలుగా విడగొట్టి రోజుకో ముక్క తిరగండి. ఫలానా టైమ్‌కే వెళ్లాలి అని ముందే బుక్ చేసుకునేవి రోజుకి ఒకటికి మించి పెట్టుకోకండి. ఇంతే ప్లాన్. మిగతావన్నీ ఈ ప్లాన్ చెడకుండా చూసుకునే జాగ్రత్తలు.

వీసా, టికెట్లు

ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి షెంగెన్. బ్రిటన్ అందులో లేదు. యూకే వీసాతో పారిస్ పోలేరు, షెంగెన్ వీసాతో లండన్‌లో దిగలేరు. రెండూ కావాలంటే రెండు అప్లికేషన్లు, రెండు ఫీజులు, రెండుసార్లు ఎదురుచూడటం. మొదటి ట్రిప్‌కి ఇంత టెన్షన్ అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి.

మనకి కావాల్సింది స్టాండర్డ్ విజిటర్ వీసా. మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయనిస్తారు, అంతకంటే ముందు కుదరదు. అప్లికేషన్ బ్రిటన్ ప్రభుత్వ సైట్ గవ్ డాట్ యూకేలోనే నింపండి, గూగుల్‌లో పైన కనిపించే ప్రకటనల లింకులు నొక్కితే సర్వీస్ ఛార్జి పేరుతో ఎక్కువ గుంజే సైట్లకి తీసుకుపోతాయి. వేలిముద్రలు, ఫోటో హైదరాబాద్‌లోని వీసా సెంటర్‌లో ఇచ్చాక సాధారణంగా మూడు వారాల్లో జవాబు వస్తుంది, కానీ వేసవి సెలవుల సీజన్‌లో ఇంకో రెండు వారాలు ఎక్కువే వేసుకోండి.

ఇక బ్యాంక్ స్టేట్‌మెంట్. అప్లై చేసే ముందు వారం బావగారి దగ్గర అయిదు లక్షలు తెచ్చి అకౌంట్లో వేసి బ్యాలెన్స్ చూపించడం మనవాళ్లకి ఓ అలవాటు. అదే కొంప ముంచుతుంది. ఉన్నట్టుండి పడిన పెద్ద మొత్తం ఎక్కడిదని అధికారికి అనుమానం వస్తే వీసా రాదు, కట్టిన ఫీజూ తిరిగి రాదు. మీ జీతానికి, లేదా వ్యవసాయమో వ్యాపారమో మీ ఆదాయం ఏదైతే దానికి తగ్గట్టు ఖర్చు చూపించండి. రెండు లక్షల ట్రిప్‌కి సరిపడా డబ్బు ఆరు నెలలుగా అకౌంట్లో కదులుతూ కనిపిస్తే చాలు. నిజంగానే పొలం అమ్మారు, డిపాజిట్ మెచ్యూర్ అయింది అంటే ఆ కాగితం కూడా జత చేయండి. పిల్లలు అక్కడ చదువుతూనో ఉద్యోగం చేస్తూనో ఉండి రమ్మన్నారంటే వాళ్ల ఇన్విటేషన్ లెటర్, అడ్రస్ ప్రూఫ్ పెట్టండి. తిరిగి ఎందుకు వస్తారో తెలిసేలా ఉద్యోగం లీవ్ లెటరో, ఇక్కడి ఆస్తి కాగితాలో ఉండాలి. వీసా చేతికి రాకముందే డబ్బు వెనక్కి రాని ఫ్లైట్ టికెట్ కొనకండి, అలా కొనమని అక్కడి ప్రభుత్వమూ అడగదు.

హైదరాబాద్ నుంచి హీత్రూకి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా నడుపుతుంది. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే చాలాసార్లు చౌక. పెద్దవాళ్లు మొదటిసారి విమానం ఎక్కుతుంటే మాత్రం ఆ మిగిలే డబ్బు వదులుకుని డైరెక్ట్ ఫ్లైట్ తీసుకోవడమే నయం, అర్ధరాత్రి కొత్త ఎయిర్‌పోర్ట్‌లో గేటు వెతుక్కోవడం వాళ్ల వల్ల కాదు.

ఎప్పుడు వెళ్లాలి

మే, జూన్. మన పిల్లల సెలవులకి సరిగ్గా సరిపోతుంది, అక్కడి స్కూళ్లకి పెద్ద సెలవులు జులై చివర్లో గానీ మొదలవ్వవు కాబట్టి మ్యూజియంలలో తోపులాట తక్కువ. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, అదే డిసెంబర్‌లో మధ్యాహ్నం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. అంటే ఒకే టికెట్ డబ్బుకి వేసవిలో దాదాపు రెట్టింపు పగలు దొరుకుతుంది. క్రిస్మస్ దీపాలు చూడాలనే సరదా ఉంటే వెళ్లండి, కానీ డిసెంబర్ 25న లండన్‌లో మెట్రో, సిటీ బస్సులు ఏవీ నడవవు, ఆ రోజుకి నడిచి చేరగలిగే దూరంలో ఏదో ఒకటి పెట్టుకోవాలి. ఏ నెలలో వెళ్లినా వాన పడుతుంది. గొడుగు గాలికి తిరగబడుతుంది గనుక టోపీ ఉన్న పల్చటి రెయిన్ జాకెట్ కొనుక్కోండి.

ఎక్కడ ఉండాలి

హోటల్ ధర చూసే ముందు అది ఏ రైలు లైన్ మీద ఉందో చూడండి. హీత్రూ నుంచి ఊళ్లోకి రెండు మంచి దారులున్నాయి. ఒకటి పికడిలీ లైన్: ఎర్ల్స్ కోర్ట్, సౌత్ కెన్సింగ్టన్, కింగ్స్ క్రాస్ మీదుగా పోతుంది, చౌక, ఊరి మధ్యకి గంట దాకా పడుతుంది. రెండోది 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్: పాడింగ్టన్, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, లివర్‌పూల్ స్ట్రీట్ మీదుగా వెళ్తుంది, ఛార్జీ ఎక్కువ, టైమ్ దాదాపు సగం. హీత్రూ ఎక్స్‌ప్రెస్ అని ఇంకోటి పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది, ముందుగా కొనకపోతే రేటు చూసి గుండె గుభేలుమంటుంది, అవసరం లేదు. ఈ రెండు లైన్లలో ఏదో ఒక స్టేషన్‌కి పది నిమిషాల నడకలో హోటల్ దొరికితే సూట్‌కేసులతో రైలు మారే బాధ తప్పుతుంది.

పాత ఇళ్లని హోటళ్లుగా మార్చినవి పాడింగ్టన్, ఎర్ల్స్ కోర్ట్ చుట్టుపక్కల చాలా ఉంటాయి. వాటిలో గది స్లీపర్ బస్సు బెర్తు కంటే కాస్త పెద్దది, ఏసీ ఉండదు, లిఫ్ట్ ఉండదు, మీకిచ్చిన గది నాలుగో అంతస్తులో ఉంటుంది. బుక్ చేసే ముందు లిఫ్ట్ ఉందా అని మెయిల్ పెట్టి అడగండి. ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి చైన్ హోటళ్లు సాదాగా ఉన్నా నమ్మకం, రెండు మూడు నెలల ముందు బుక్ చేస్తే ధర తగ్గుతుంది.

నలుగురైదుగురు కుటుంబంతో వెళ్తుంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం లాభమే, పొద్దున ఉప్మా, రాత్రి పప్పన్నం గడిచిపోతాయి. ఒకే ఒక్క జాగ్రత్త: తాలింపు. ఎండుమిరపకాయలు నూనెలో వేసిన పది సెకన్లకే సీలింగ్‌కున్న స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగడం మొదలెడుతుంది, కొన్ని బిల్డింగుల్లో అది మోగితే అందర్నీ కిందికి దింపేస్తారు. ముందు కిటికీ తెరవండి, చిమ్నీ ఫ్యాన్ పూర్తి స్పీడులో పెట్టండి, మంట తగ్గించి అప్పుడు పోపు వేయండి. అలారానికి ప్లాస్టిక్ కవర్ చుట్టే తెలివితేటలు మాత్రం వద్దు, అది అక్కడ నేరం కిందికి రావచ్చు.

లండన్ తూర్పు వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్‌లో ఉంటే ఎలా అని చాలామంది అడుగుతారు. అక్కడ మన కూరగాయలు, దోసెలు, గుళ్లు అన్నీ ఉన్నాయి, హైస్ట్రీట్ నార్త్‌లో నడుస్తుంటే తెలుగు, తమిళం వినబడుతూనే ఉంటాయి. గదులూ చవకే. వెస్ట్‌మిన్‌స్టర్‌కి డిస్ట్రిక్ట్ లైన్‌లో అరగంట పైమాట. బంధువుల ఇల్లుంటే నిక్షేపంగా ఉండండి. హోటల్ డబ్బు ఎలాగూ పెడుతున్నారంటే మాత్రం ఊరి మధ్యలో ఉండటానికే నా ఓటు, ఎందుకంటే మధ్యాహ్నం గదికొచ్చి ఓ గంట నడుం వాల్చి మళ్లీ బయల్దేరొచ్చు. ఈస్ట్ హామ్‌కి ఓ సాయంత్రం భోజనానికి వెళ్లండి.

సర్దుకునేటప్పుడు

మాంసం, పాల పదార్థాలు ఇండియా నుంచి బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా ఏవీ పెట్టుకోవద్దు. ఆవకాయ, గోంగూర, కందిపొడి తీసుకెళ్లొచ్చు, సీసా మూత చుట్టూ టేపు తిప్పి చెకిన్ బ్యాగులో పెట్టండి. అక్కడి ప్లగ్గు పాయింట్లలో మన గుండ్రటి పిన్నులు దూరవు, చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి, మనిషికొకటి. రోజూ వేసుకునే మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి బ్యాగులో ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ వీసాకి అడగరు గానీ తీసుకోండి, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే విజిటర్ల దగ్గర బిల్లు వసూలు చేస్తారు. ఇంకో మాట, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను: బాత్రూముల్లో నీళ్ల పైపు ఉండదు, కాగితమే. ఒక ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ బ్యాగులో ఉంటే రోజంతా నిశ్చింత.

బంధువులెవరో ఎప్పుడో ఇచ్చిన పౌండ్ నోట్లు బీరువాలో ఉన్నాయా? పట్టి చూడండి. కాగితం నోట్లయితే అవి కొట్లలో చెల్లవు, 20, 50 పౌండ్ల కాగితం నోట్లు 2022 సెప్టెంబర్ 30తో ఆగిపోయాయి. ఇప్పుడున్నవన్నీ ప్లాస్టిక్ లాంటి పాలిమర్ నోట్లే. నిజానికి నగదుతో పెద్దగా పనే లేదు, అత్యవసరానికి ఓ యాభై పౌండ్లు చాలు.

దిగాక

మన పాస్‌పోర్ట్‌కి ఈ-గేట్లు, అంటే పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తే వాటంతటవే తెరుచుకునే గేట్లు, పనిచేయవు, ఆఫీసర్ ఉన్న క్యూలోనే నిలబడాలి. ఎన్ని రోజులు, ఎక్కడుంటారు, ఏం చేస్తుంటారు, అంతే అడుగుతారు. అడిగినదానికి జవాబు చెప్పండి, అడగనిది చెప్పకండి. హోటల్ అడ్రస్, రిటర్న్ టికెట్ ప్రింట్ తీసి చేతిలో ఉంచుకోండి, అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే పిల్లల ఫోన్ నంబర్ పెద్దక్షరాలతో కాగితం మీద రాసివ్వండి.

మెట్రోకి టికెట్ కొనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు ఎక్కేచోట, దిగేచోట టచ్ చేయాలి. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే. ఒక రోజులో ఎంత తిరిగినా ఒక హద్దు దాటాక ఇంక ఛార్జీ పడదు. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. పొద్దున కార్డుతో, సాయంత్రం అదే కార్డున్న ఫోన్‌తో టచ్ చేస్తే సిస్టమ్ ఇద్దరు మనుషులనుకుంటుంది, ఆ హద్దు మీకు వర్తించదు. మనిషికో కార్డు, ఆరు రోజులూ అదే కార్డు. ఇంకోటి, మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ విడివిడిగా యాప్‌లో ఆన్ చేయాలి. ఇది హైదరాబాద్‌లో ఉండగానే చేసేయండి, లేకపోతే హీత్రూ గేటు దగ్గర వెనక జనం నిలబడి ఉండగా ఓటీపీ కోసం చూస్తూ కూర్చోవాలి. ఫారెక్స్ మార్కప్ (విదేశీ చెల్లింపు మీద బ్యాంకు అదనంగా వేసే శాతం) తక్కువున్న కార్డు అయితే ఇంకా మంచిది. అలాంటి కార్డు లేనివాళ్లకి ఆయిస్టర్ కార్డు, అంటే ముందే డబ్బు వేసుకుని వాడే లండన్ ప్రయాణ కార్డు, కొనొచ్చు. పదకొండేళ్ల లోపు పిల్లలకి పెద్దవాళ్లతో ఉంటే మెట్రో ఉచితం.

బస్సులో డబ్బులు అసలు తీసుకోరు. ఛార్జీ రెండు పౌండ్ల లోపే, గంటలోపు ఇంకో బస్సు మారినా మళ్లీ పడదు. డబుల్ డెక్కర్ పైన ముందు సీటు దొరికితే అదే సిటీ టూర్, దానికి వేరే టూరిస్టు బస్సు టికెట్ దండగ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకీ బస్సే మేలు. 1863లో మొదలైన మెట్రో కదా, చాలా స్టేషన్లలో లిఫ్టులు లేవు, పొడవాటి మెట్లు. ఎలిజబెత్ లైన్ స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి.

మెట్రో మ్యాప్‌లో దూరాలని నమ్మకండి. లెస్టర్ స్క్వేర్ నుంచి కావెంట్ గార్డెన్ మ్యాప్‌లో ఒక స్టాప్, నడిస్తే మూడొందల మీటర్లు కూడా లేదు. ఆ కావెంట్ గార్డెన్‌లో లిఫ్ట్ క్యూ చూసి మెట్లెక్కేద్దాం అనుకుంటారేమో, 193 మెట్లు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడండి, ఎడమవైపు ఆఫీసులకి పరిగెత్తేవాళ్లది. శని, ఆదివారాల్లో మరమ్మతులకని లైన్లు మూసేస్తుంటారు, పొద్దున ఒకసారి లండన్ మెట్రో యాప్ చూసి బయల్దేరండి.

రోజుకో ముక్క

మొదటి రోజు జెట్ లాగ్‌లో ఉంటారు, టికెట్టున్నవేవీ పెట్టుకోకండి. వెస్ట్‌మిన్‌స్టర్‌లో దిగి బిగ్ బెన్ చూసి, బ్రిడ్జి దాటి, థేమ్స్ పక్కనే తూర్పుకి నడవండి. టవర్ బ్రిడ్జి దాకా నాలుగు కిలోమీటర్ల చిల్లర. దారిలో లండన్ ఐ, వాటర్‌లూ బ్రిడ్జి కింద పాత పుస్తకాల బల్లలు, టేట్ మోడర్న్, షేక్‌స్పియర్ గ్లోబ్, బరో మార్కెట్ అన్నీ వరసగా వస్తాయి. అలసిపోతే ఎక్కడికక్కడ బస్సెక్కేయొచ్చు. బరో మార్కెట్‌కి సోమవారం సెలవు.

టవర్ ఆఫ్ లండన్‌కి తెరిచే టైమ్‌కే టికెట్ బుక్ చేసి, లోపలికెళ్లగానే ఇంకేమీ చూడకుండా నేరుగా రాజకిరీటాలుండే జ్యూయల్ హౌస్‌కి పోండి. పదకొండయ్యేసరికి అక్కడ గంట క్యూ ఉంటుంది. కిరీటాల పక్కనుంచి కదిలే పట్టీ మీద నిలబెట్టి తీసుకుపోతారు, ఫోటోలు తీయనివ్వరు. అక్కడున్న కోహినూర్ మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందనే ఎక్కువమంది చెప్తారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది.

బ్రిటిష్ మ్యూజియంకి ప్రవేశం ఉచితం, అయినా ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ తీసుకుంటే క్యూ తగ్గుతుంది. అందరూ ఈజిప్టు మమ్మీల దగ్గరకి పరిగెడతారు. మీరు ముందు 33ఏ గదికి వెళ్లండి. 33వ నంబర్ దక్షిణాసియా గ్యాలరీకి ఆనుకుని గాజు తలుపుల వెనక ఉంటుంది, ఆ గది తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. అక్కడున్నది అమరావతి స్తూపం. 1845లో మద్రాసు ప్రభుత్వ ఆంగ్ల అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి తీయించిన పలకలు మద్రాసులో కొన్నేళ్లు ఎండకీ వానకీ పడుండి 1859లో ఓడెక్కాయి. పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. వాటిలో రెండు వైపులా చెక్కిన ఒక పలకని మాత్రం వదలకండి. ఒక పక్క ఖాళీ ఆసనం, పైన బోధివృక్షం, చుట్టూ మొక్కుతున్న జనం, అంటే బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం నాటిది. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాయిని తిప్పి రెండో పక్కన ఏకంగా మొత్తం స్తూపాన్నే చెక్కారు, గుమ్మటం మీద దండలు, గేటు దగ్గర సింహాలు, పైన ఎగురుతున్న గంధర్వులతో సహా. అమరావతిలో ఇప్పుడు దిబ్బ మాత్రమే చూసినవాళ్లకి ఆ స్తూపం ఎలా ఉండేదో ఈ పలక చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ తీరిగ్గా ఓ గంట గడపండి, శుక్రవారం అయితే మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, సాయంత్రాలు జనం పల్చబడతారు.

పిల్లలుంటే సౌత్ కెన్సింగ్టన్‌కి ఒక రోజు. నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మూడూ పక్కపక్కనే, మూడూ ఉచితం. మూడూ ఒకే రోజు చూడాలనుకోకండి, పిల్లలు రెండో దాంట్లోనే నేల మీద కూర్చుండిపోతారు.

గ్రీనిచ్‌కి పడవలో వెళ్లండి, అదే కాంటాక్ట్‌లెస్ కార్డు పనిచేస్తుంది. అబ్జర్వేటరీ లోపల సున్నా రేఖాంశం మీద కాళ్లు చెరోవైపు పెట్టి ఫోటో దిగడానికి టికెట్ కావాలి, గుట్ట మీదనుంచి ఊరంతా కనబడే దృశ్యానికి మాత్రం అక్కర్లేదు. ఎత్తు మీదనుంచి చూడాలంటే ఓ ఆకాశహర్మ్యం పైనున్న స్కై గార్డెన్ కూడా ఉచితమే, ముందే బుక్ చేసుకుంటే.

బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డుల మార్పిడి గురించి నా అభిప్రాయం అడిగితే, వద్దు. గంట ముందెళ్లి, కాళ్లు పీకేదాకా నిలబడి, చివరికి ముందువాళ్లు ఎత్తిన ఫోన్లలో చూసి రావాలి. హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రాల మీద జరిగే మార్పిడిని ఇంతకంటే దగ్గరగా చూడొచ్చు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చిలో ఆదివారం సందర్శకులని రానివ్వరు, ప్రార్థనలే.

ఇంకో సగం రోజు మిగిలితే ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర కింగ్ హెన్రీస్ రోడ్డులో పదో నంబర్ ఇల్లుంది, అంబేడ్కర్ 1921, 22లలో చదువుకుంటూ ఉన్న ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. మన సి.పి. బ్రౌన్ సమాధి కెన్సల్ గ్రీన్ స్మశానంలో ఉంది.

తిండి, డబ్బు, ఫోన్

ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకుంటే కాఫీ కూడా గొంతు దిగదు, పౌండ్ ఎప్పుడో నూరు దాటింది. రోజుకింత అని పౌండ్లలోనే లెక్క పెట్టుకుని ఆ లోపు నిర్భయంగా ఖర్చు పెట్టండి. మధ్యాహ్నానికి సూపర్‌మార్కెట్ల మీల్ డీల్ ఉంటుంది, శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింక్ కలిపి ఒక రేటు, శాకాహారం మీద స్పష్టంగా రాసి ఉంటుంది. కుళాయి నీళ్లు తాగొచ్చు, హోటల్లో ట్యాప్ వాటర్ అని అడగండి, ఉత్త వాటర్ అంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. బిల్లులో సర్వీస్ ఛార్జి ముందే కలిపి ఉందేమో చూసుకోండి, చాలాచోట్ల పన్నెండున్నర శాతం, మళ్లీ విడిగా టిప్పు అక్కర్లేదు.

దొంగతనాల్లో ఎక్కువ భయపడాల్సింది ఫోన్ గురించి. ఫుట్‌పాత్ అంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే ఎలక్ట్రిక్ బైకు మీద వచ్చి చేతిలోంచి లాక్కుపోతారు, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, సోహో లాంటి చోట్ల మరీనూ. దారి చూసుకోవాలంటే ఏదైనా కొట్టు గోడకి ఆనుకుని రోడ్డుకి వీపు పెట్టి చూడండి, లేదా లోపలికే వెళ్లండి. పాస్‌పోర్ట్ గదిలోనే ఉంచి ఫోటో కాపీతో తిరగండి.

షాపింగ్‌లో టాక్స్ రీఫండ్ మీద ఆశ పెట్టుకోవద్దు, లండన్ షాపుల్లో కొని చేత్తో తెచ్చుకునే వస్తువులకి టూరిస్టులకిచ్చే ఆ సదుపాయం 2021 నుంచి లేదు. తిరుగు ప్రయాణానికి హీత్రూలో మీ టెర్మినల్ నంబర్ ముందు రోజే చూసుకోండి, నాలుగుకీ అయిదుకీ వేరువేరు రైళ్లు. మిగిలిన నాణేలని ఇక్కడ ఎవరూ మార్చరు, ఆఖరి రోజు సూపర్‌మార్కెట్‌లో నాణేలు తీసుకునే సెల్ఫ్ చెకౌట్ మెషిన్ దగ్గర అన్నీ పోసేసి చాక్లెట్లు కొనుక్కోండి, తక్కువైంది కార్డుతో కట్టొచ్చు.